రథాన్ని దొంగిలించే రాత్రి

విజయదశమి నాటి రాత్రి, జనసమ్మర్దం కొంత పలుచబడిన తరువాత, బస్తరు సీమకు ముఖ్యపట్టణమైన జగదల్‌పూర్‌లో ఏటా ఒక దొంగతనం జరుగుతుంది. దొంగలు వందల సంఖ్యలో ఉంటారు. వారు అపహరించేది ఎనిమిది కొయ్య చక్రాల మీద నిలిచిన రెండంతస్తుల రథం. ఈ దొంగతనం జరగబోతున్నదని పట్టణంలో పసిపిల్లలకు సైతం తెలుసు, పోలీసులకు తెలుసు, రాజవంశీయులకూ తెలుసు. అయినా అడ్డుపడేవారు లేరు. రథం కిర్రుకిర్రుమంటూ చీకట్లో కదిలి, పట్టణపు అంచున ఉన్న కుమ్డాకోట్ అనే చెట్ల తోపును చేరుకుంటుంది. దానిని లాగుకొని పోయినవారు గోండు జాతీయులైన మాడియాలు, మురియాలు.

తెల్లవారిన తరువాత రాజవంశపు పెద్ద పరివారంతో ఆ తోపుకు వెళ్ళవలసి ఉంటుంది. దొంగలను దండించడానికి కాదు, బతిమాలుకోవడానికి. కొత్తగా పండిన ధాన్యంతో వండిన అన్నాన్ని అక్కడ దేవికి నివేదించి, అతడు గిరిజనులతో కూడి భుజించాలి. ఆ భోజనం ముగిసిన తరువాతనే రథానికి మళ్ళీ మోకులు తగిలిస్తారు. తీసుకుపోయినవారే దానిని తిరిగి లాగుకొని వస్తారు. దశమి నాటి ఉత్సవాన్ని ‘భీతర్ రైనీ’ అనీ, ఏకాదశి నాటి దానిని ‘బాహర్ రైనీ’ అనీ స్థానికులు వ్యవహరిస్తారు. పూర్వం ఎప్పుడో రాజు తమను చిన్నచూపు చూశాడని అలిగిన మాడియాలు రథాన్ని అడవిలోకి లాగుకొని పోయారనీ, ప్రభువు వచ్చి తమ పంక్తిలో భోజనం చేస్తే గాని తిరిగి ఇవ్వబోమని పట్టుబట్టారనీ జనశ్రుతి.

బస్తరు దసరాలో శ్రీరాముడు లేడు, రావణుడు లేడు. దిష్టిబొమ్మలు తగులబెట్టరు. ఇది దంతేశ్వరీ దేవి పండుగ. తక్కిన దేశంలో పది రోజులు జరిగే ఉత్సవం ఇక్కడ 75 రోజులు సాగుతుంది. శ్రావణ మాసానికి ముందు వచ్చే అమావాస్యనాడు, పైర్లు పచ్చబడే వేళ, అడవి నుంచి తెచ్చిన ఒక సాలవృక్షపు దుంగను దంతేశ్వరి గుడి ఎదుట పూజించడంతో మొదలవుతుంది. ఆ దుంగ రథానికి తొలి కలప. అంటే పండుగలో మొట్టమొదట పూజ అందుకునేది దేవీ కాదు, రాజూ కాదు, చెట్టు.

తెలుగువారికి ఈ పండుగతో ఒక పాత చుట్టరికం ఉన్నది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అరణ్య సీమకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకొంటుంది. దిక్పాలదేవుడనే రాజు 1703లో దంతెవాడలో వేయించిన శాసనం తన వంశక్రమాన్ని కాకతీయుల నుంచే ఆరంభిస్తుంది. ఐతిహ్యం ఇంకా సొగసైనది. దేవి అన్నమదేవుని వెంట నడుస్తాననీ, అతడు వెనుదిరిగి చూడరాదనీ ఆన పెట్టిందట. శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో దేవి పాదాలు కూరుకొని అందెల రవళి వినిపించలేదు. రాజు వెనుదిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. ఆ సంగమం ఒడ్డునే నేటి దంతెవాడ ఆలయం ఉన్నది. ఐతిహ్యం మాట ఎలా ఉన్నా, మాడియాలు మాట్లాడే గోండీ మన తెలుగుకు దగ్గరి బంధువు. దక్షిణ బస్తరులోని దోర్లాల మాట తెలుగువాడి చెవికి ఇంకా దగ్గర.

రథం మాత్రం ఓరుగల్లు నుంచి రాలేదు, పూరీ నుంచి వచ్చింది. అన్నమదేవుని వంశీయుడైన పురుషోత్తమదేవుడు పదిహేనవ శతాబ్దపు ఆరంభంలో జగన్నాథ క్షేత్రానికి యాత్ర వెళ్ళి, అక్కడ ‘రథపతి’ బిరుదునూ పదహారు చక్రాల రథాన్నీ పొందాడని చెబుతారు. అంతటి రథాన్ని అడవి దారులలో నడపడం అసాధ్యం. అందుచేత నాలుగు చక్రాలను జగన్నాథునికే అర్పించారు. ఆ పేరిట జగదల్‌పూర్‌లో ఆషాఢ మాసాన జరిగే రథయాత్రను ‘గోంచా’ అంటారు. అందులో కుర్రకారు వెదురు గొట్టాలలో పచ్చి కాయలు కూరి, తుపాకులు పేల్చినట్లు ఒకరిపై ఒకరు పేల్చుకుంటారు. అది వేరే వ్యాసానికి తగిన ముచ్చట. మిగిలిన పన్నెండు చక్రాల రథమూ భారమైపోగా, కాలక్రమాన దానిని రెండుగా విభజించారు. నాలుగు చక్రాలది పూలరథం, ఎనిమిది చక్రాలది విజయరథం. ఒక ఏడు ఒకదానిని కొత్తగా కడితే, మరుసటి ఏడు రెండవదానిని కడతారు.

ఈ రథాలను కట్టే హక్కు ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాలది. అక్కడి వడ్రంగులూ కమ్మరులూ పొలం పనులు వదులుకొని వచ్చి, జగదల్‌పూర్ నడిబొడ్డున ఉన్న సిరాసార్ భవనంలో వారాల తరబడి మకాం పెడతారు. బాడిస, ఉలి, గొడ్డలి వారి పనిముట్లు. గీసిన నమూనా అంటూ ఉండదు. కొలతలు చేతులకే తెలుసు. చక్రాలు ఆకులు లేని పలకచక్రాలు. మేకులను అక్కడే కొలిమిలో కాల్చి సాగగొడతారు. ఇక్కడికి కొద్ది దూరాన ఉన్న బైలడిలా కొండల ఇనుప ఖనిజం గూడ్సు బండ్లలో తూర్పు కనుమలు దిగి విశాఖపట్నం రేవుకు చేరుతుంది. ఆ కొండల నీడన దేవి రథానికి మేకులు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగా సుత్తెదెబ్బల కిందనే పుడతాయి.

మోకుల సంగతి మరింత ఆసక్తికరం. వాటిని ‘సియాడీ’ తీగ నార తీసి పేనుతారు. సియాడీ అంటే మరేదో కాదు, మన ఏజెన్సీ ప్రాంతాల అడ్డతీగ. విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఆ తీగదే. దాని బెరడును కొట్టి, నార చీల్చి, వందల చేతులు కలిసి మనిషి పిడికిట ఇమడనంత లావున పేనుతాయి. ఆ పని ఏ గ్రామాలకు వంశపారంపర్యంగా సంక్రమించిందో ఆ గ్రామాలవారే చేస్తారు.

ఇక లాగేవారు. ఈ పండుగకు ప్రాణం వారే. విదియ నుంచి సప్తమి వరకు ప్రతి సాయంత్రం పూలరథాన్ని జగదల్‌పూర్ పరిసరాలలోని కచోరాపాటి, అగర్‌వారా పరగణాల ప్రజలు లాగుతారు. విజయరథాన్ని లాగే అధికారం కిలేపాల్ పరగణాకు చెందిన మాడియాలది. కిలేపాల్ జగదల్‌పూర్ నుంచి దంతెవాడ వెళ్ళే దారిలో ఉన్నది. అక్కడివారు దండామీ మాడియాలు. అడవిదున్న కొమ్ములు తలపాగాకు కట్టుకొని నృత్యం చేసేవారు. 1938లో వీరిని గురించి ఒక బృహద్గ్రంథం వెలువరించిన గ్రిగ్సన్ అనే ఆంగ్లేయ అధికారి, బస్తరులో పాలకుడుగా పనిచేసి తరువాత హైదరాబాదు నిజాం కొలువుకు వచ్చినవాడే. కిలేపాల్ పరగణా గ్రామాలలో ప్రతి ఇంటి నుంచీ ఒకరు మోకు పట్టడానికి రావాలన్నది కట్టుబాటు. రానివారికి కులపెద్దలు జరిమానా విధిస్తారు. ఆ ఇంటి స్తోమతును చూసి మరీ విధిస్తారు. ఫలానా కులంవాడే పట్టాలన్న నియమం లేదు. ఊరివాడైతే చాలు.

హక్కు, కట్టుబాటు, జరిమానా – ఈ మూడూ ఒకేచోట కలవడం విచిత్రంగా తోచవచ్చు. బరువైన పనిని తప్పించుకోలేని వెట్టిగా భావించడం లోకసహజం. బస్తరులో దానికి విరుద్ధం. మోకు పట్టే చోటు ఊరికి దక్కిన ఆస్తి. ఒక తరం పట్టు సడలిస్తే ఆ చోటు మరొకరిదవుతుంది.

దూరదేశపు వినోదం ఒకదానితో పోల్చి చూస్తే ఇది మరింత విశదమవుతుంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పక్కన పారే కామ్ నది, వెడల్పులో మన డెల్టా కాలువలను మించినది కాదు. రెండు పందెపు పడవలు జంటగా సాగడానికి అందులో చోటు చాలదు. అందుచేత అక్కడి కళాశాలల విద్యార్థులు 1827 నుంచి ఒక చిత్రమైన పోటీని నడుపుతున్నారు. పడవలన్నిటినీ ఒకదాని వెనుక ఒకటిగా, సుమారు ఒకటిన్నర పడవ నిడివి ఎడంగా నిలుపుతారు. ఫిరంగి మోగగానే అన్నీ ఒక్కసారిగా బయలుదేరుతాయి. ముందున్న పడవను తాకడమే విజయం. వెనుక పడవ వచ్చి తాకితే పరాజయం. తాకినదీ తాకబడినదీ మరునాడు స్థానాలు మార్చుకుంటాయి. ఈ విధంగా నాలుగు రోజులు. ఈ పోటీలను ‘బంప్స్’ అంటారు. ఆక్స్‌ఫర్డులో ఇవి అంతకు పూర్వమే, 1815 నాటికే ఆరంభమయ్యాయి. కేంబ్రిడ్జిలో వీటిలో ప్రధానమైన వాటిని ‘మే పందేలు’ అంటారు. జరిగేది మాత్రం జూన్ నెలలో! పాత పేరు మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇందులోని అసలు విశేషం నాలుగవ రోజున తేలుతుంది. ఆనాడు ఏ వరుసలో ముగించారో, మరుసటి సంవత్సరం అదే వరుసలో మొదలుపెడతారు. తెడ్డు వేసిన ఎనిమిదిమందీ, చుక్కాని పట్టినవాడూ అప్పటికి పట్టాలు పుచ్చుకొని వెళ్ళిపోయి ఉండవచ్చు. కళాశాల స్థానం మాత్రం అక్కడే ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రవాడు తాను ఎన్నడూ చూడని పూర్వ విద్యార్థులు గెలిచిపెట్టిన చోట కూర్చుని తెడ్డు అందుకుంటాడు. పోగొడితే తరువాతివారి సొత్తు పోగొట్టినట్లే. మన కట్టమంచి రామలింగారెడ్డి చదువుకున్న సెయింట్ జాన్స్ కళాశాల పడవ సంఘం 1825లో ఏర్పడినది. అది నేటికీ పందెంలో ఉన్నది.

బస్తరులో పందెపు పడవలు లేవు. చిత్రకోట జలపాతం వద్ద ఇంద్రావతిలో యాత్రికులను తిప్పే పడవలు ఉన్నాయి గాని, వాటికి పోటీలు లేవు. ఇక్కడ జట్లు పట్టేది తెడ్డు కాదు, మోకు. అయినా కేంబ్రిడ్జి విద్యార్థి కిలేపాల్ మాడియాను చూస్తే వెంటనే గుర్తుపట్టగలడు. ఇరువురికీ చోటు పెద్దలిచ్చినది. ఇరువురికీ పని ఒక్కరి బలంతో తెమిలేది కాదు. ఎనిమిది తెడ్లు ఒక్కసారి నీటిలో మునగకపోతే పడవ ఊగిపోయినట్లే, వందల భుజాలు ఒక్కసారి వెనక్కు వాలకపోతే రథం అంగుళం కదలదు. భేదం ఒక్కటే: పడవకు చుక్కాని ఉన్నది, రథానికి లేదు.

ఈ భేదం ఎంతటిదో గోల్ బజారు మలుపు దగ్గర తెలుస్తుంది. ఇరుసులు తిరగవు. ఎనిమిది చక్రాలూ నేరుగా పోవడానికే పుట్టినవి. వీధి వంపు తిరిగిన చోట రథం మొండికెత్తుతుంది. అప్పుడు ఒకవైపు మోకును వదులు చేసి, రెండవవైపు మోకును ఏటవాలుగా లాగి, వెనుక నుంచి భుజాలు ఆనించి, దానిని ఒక్కొక్క జానెడు పక్కకు జరపాలి. ముందరివారికి వెనుక చక్రం కనిపించదు; వెనుకవారికి ముందరి దారి కనిపించదు. వాద్యాల హోరు, జనఘోష మధ్య కేకలు వేసేవారి మాటే ఆధారం. మోకు తెగడం, చక్రం కూరుకుపోవడం కొత్త కాదు. పడినవాడు లేవకపోతే రథాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చూసేవారికి వేడుకగా ఉన్నది, లాగేవారికి ఎముకలకు సంబంధించిన వ్యవహారం.

లాగడానికి ముందు అనుమతి కావాలి. అది రాజు ఇచ్చేది కాదు. ఆశ్వయుజ మాసం ప్రవేశించే ముందు అమావాస్యనాడు కాఛన్ దేవి ఒక మిర్గాన్ కులపు బాలికను ఆవహిస్తుందని విశ్వాసం. ముళ్ళకంపతో చేసిన ఊయల మీద ఆ పిల్లను పడుకోబెట్టి ఊపుతారు. సమాజంలో అట్టడుగున ఉంచబడిన ఆ కులపు పిల్ల తల ఊపితేనే పండుగ. లేకపోతే రాజు చేతులు కట్టుకొని నిలబడవలసిందే. మరునాడు హల్బా జాతి యువకుడొకడు సిరాసార్ భవనంలో తవ్విన గోతిలో కూర్చుని, తొమ్మిది రోజులు లేవకుండా తపస్సు చేస్తాడు. నిర్విఘ్నంగా పండుగ జరగడానికి అతడు తన శరీరాన్ని పణంగా పెడతాడన్నమాట. ఆ విధంగా కులానికొక పని, ఊరికొక పని పంచి ఉన్నాయి. ఒక్కరు రాకపోయినా తక్కినవారి పని ఆగిపోతుంది. రాజు చేయవలసిన పని అన్నిటికన్న సులువు. ఒకప్పుడు పూలపాగా చుట్టుకొని రథం మీద కూర్చునేవాడు, అంతే.

అలా కూర్చున్న రాజులకు లాగేవారి బలం తెలియని సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1876లో దివాను అధికారుల దౌర్జన్యానికి విసిగిన మురియాలు, బ్రిటిష్ యువరాజు దర్శనానికి బయలుదేరిన రాజు భైరమదేవుని దారిలోనే అడ్డుకున్నారు. తరువాత జగదల్‌పూర్‌నే చుట్టుముట్టారు. సిరోంచా నుంచి ఆంగ్లేయ అధికారి వచ్చి, జనం మాట విన్న తరువాత గాని ముట్టడి వీడలేదు. 1910లో అడవులను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవడం, వెట్టి చాకిరీ మితిమీరడం కారణంగా బస్తరు మళ్ళీ భగ్గుమన్నది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు ఆ ‘భూమ్‌కాల్’ తిరుగుబాటుతో ముడిపడి చిరస్మరణీయమైనది. రాజును ఆపడం, బతిమాలించుకోవడం బస్తరులో ఒక్క పండుగనాటి ఆట మాత్రమే కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ ఆట ఒకసారి రక్తసిక్తమైనది. బస్తరు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసింది. కేరళ రాష్ట్రాన్ని మించిన విస్తీర్ణం గల ఒకే ఒక జిల్లాగా అది చాలాకాలం ఉన్నది. చివరి పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్‌కు గిరిజనులలో ఉన్న పలుకుబడి ప్రభుత్వానికి కంటగింపయింది. 1961లో ఆయన రాజ గుర్తింపును రద్దు చేసి సోదరునికి ఇచ్చారు. ఆ మార్చిలోనే లోహండీగూడాలో గిరిజనులపై కాల్పులు జరిగాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలోనే పోలీసుల తుపాకీ గుండ్లకు ప్రవీర్ చంద్ర, ఆయనతోపాటు పలువురు గిరిజనులు బలి అయ్యారు. దంతేశ్వరి గుడి ఆ రాజభవనపు ఆవరణలోనే ఉన్నది. రథం బయలుదేరేది దాని ముంగిటి నుంచే.

ఇప్పుడు రథం మీద రాజు కూర్చోడు. దేవి ఛత్రాన్ని పూజారి ఎక్కిస్తాడు. ఆ ఛత్రానికి సాయుధ పోలీసులు వందనం సమర్పిస్తారు. 1966ను ఎరిగిన వృద్ధులు ఆ వందనాన్ని ఏ భావంతో చూస్తారో ఊహించడం కష్టం కాదు. పండుగ వ్యయం ప్రభుత్వం భరిస్తున్నది. పరగణాల పెద్దలైన మాంఝీలు, చాలకీలు, అధికారులు, ప్రజాప్రతినిధులు కలిసిన సంఘం ఏర్పాట్లు చూస్తుంది. ఉత్సవాంతంలో సిరాసార్ భవనంలో ‘మురియా దర్బారు’ జరుగుతుంది. 1876 అలజడి అనంతరం ఆరంభమైన ఈ దర్బారులో గ్రామపెద్దలు లేచి నిలిచి తమ కష్టాలు చెప్పుకుంటారు. దారి లేదంటారు, బడి లేదంటారు, అడవి పట్టాలు రాలేదంటారు. ఒకప్పుడు రాజు విన్నాడు. ఇప్పుడు మంత్రులు వింటున్నారు.

అయితే మోకులు ఎంతకాలం ఇలా బిగువుగా ఉంటాయి? ఏటా ఒక రథం కట్టడానికి పెద్ద సాలవృక్షాలు పదుల సంఖ్యలో కూలవలసి ఉంటుంది. అటువంటి మానులు దగ్గరి అడవులలో కరవయ్యాయి. కలపకు బదులు మొక్కలు నాటే పని మొదలయింది గాని, సాలవృక్షం రథానికి అందిరావడానికి మనిషి జీవితకాలం చాలదు. 2005 తరువాతి సాయుధ సంఘర్షణలో దక్షిణ బస్తరు ఊళ్ళు ఎన్నో ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు గోదావరి దాటి తెలుగు జిల్లాల అడవులకు వలస వచ్చాయి. అన్నమదేవుడు వెళ్ళాడని చెప్పే దారినే వారు తిరిగి నడిచారు. నేడు మిరప కోతల కాలంలో బస్తరు యువకులు భద్రాచలం, ఖమ్మం ప్రాంతాల చేలలో కూలికి కనిపిస్తారు. ఇంటికొకరు మోకు పట్టాలన్న కట్టుబాటు, ఇంట్లో ఒకరు మిగిలి ఉంటేనే నిలుస్తుంది.

ట్రాక్టరు కట్టి లాగితే ఒక గంటలో తెమిలే పని కదా అని హేతువాదులు అనవచ్చు. నిజమే. కేంబ్రిడ్జి పడవలకు మోటారు బిగించినా అంతే. ట్రాక్టరు మీద వచ్చే రథాన్ని దొంగిలించడంలో అర్థం ఉండదు; దొంగలు లేకపోతే కుమ్డాకోట్ తోపులో సహపంక్తి భోజనమూ ఉండదు. బస్తరు పెద్దలకు ఈ లెక్క బాగా తెలుసు. కొవిడ్ వ్యాధి ప్రబలిన 2020లో సైతం జనాన్ని తగ్గించి పండుగ జరిపించారే గాని, మానలేదు.

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలు అరకు లోయ మీదుగా సొరంగాలు దాటి జగదల్‌పూర్ చేరుతుంది. దసరా రోజులలో వెళ్ళే తెలుగు యాత్రికులు సాధారణంగా నవమి రాత్రి, దంతెవాడ నుంచి పల్లకిలో వచ్చే మావలీ దేవికి జరిగే ఎదురుకోలు చూసి, దశమి నాటి రథోత్సవం చూసి మరునాడు తిరుగు ప్రయాణం కడతారు. వారు ఒక్క రోజు ఆగడం మంచిది. ఏకాదశి చీకటి పడిన తరువాత, కొత్తబియ్యం అన్నం తిన్న చేతులతో మాడియాలు రథాన్ని వెనుకకు తెస్తారు. లాగేవారికి నిద్ర లేక రెండు రాత్రులు గడిచి ఉంటాయి. అరచేతులలో అడ్డనార గాట్లు పడి ఉంటాయి. రథం గుడి ముందు నిలిచాక మోకులు విప్పి చుట్ట చుడతారు. మరికొన్ని రోజులకు మావలీ దేవి దంతెవాడకు బయలుదేరుతుంది. కిలేపాల్‌వారు అప్పటికే తమ ఊళ్ళలో వరి కోతలకు కొడవళ్ళు సానబెట్టుకుంటూ ఉంటారు.